పక్కూరోళ్ల రోగాలు

రేగులకుంట, మానుకోట తాలూకా
మార్చి, 1948

వెంకటనర్సమ్మ వదినకు సారమ్మ వందనాలు.

నేను గెలిచాను వదినా. ముందు ఆ మాట, తర్వాత మిగతా సంగతులు. మనమిద్దరం మిషన్ దవాఖానలో పట్టీలు కట్టడం నేర్చుకునే రోజుల్లో నువ్వేమన్నావో గుర్తుందా? "నీ ఊర్ల నువ్వు దవాఖాన వెడితె రోగులు రారే, నీ మేనత్తలొచ్చి కూసుంటరు" అన్నావు. ఇప్పుడు విను. మూడు ఊళ్లకు కలిపి ఒక దవాఖాన తయారైంది. రేగులకుంట, మా బొల్లెపాడు, వాగవతల టీక్యా తండా. ఎక్కడ పెట్టామో తెలిస్తే నీ కళ్లు తిరుగుతాయి. దొర గడిలో!

దొర సంఘానికి భయపడి పట్నం పారిపోయాక గడి ఖాళీగా ఉంది. సున్నపు గోడలు, నాపరాళ్ల నేల, పెద్ద పెద్ద కిటికీలు. ఇంత మంచి ఇల్లు గబ్బిలాలకు ఎందుకని సంఘం వాళ్లను అడిగి తీసుకున్నాను. అయితే నా ఇష్టం వచ్చినట్టు చేయలేదు. మిషన్ దవాఖానలో రోగిని ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు, గుర్తుందా? ఇది సంఘం రాజ్యం, ఇక్కడ జనాన్ని అడిగే చేయాలనుకున్నాను. మూడు ఊళ్లలో చాటింపు వేయించి, గడి ముందు మీటింగు పెట్టి, అరుగు మీద నిలబడి ఒక్కొక్కటే అడిగాను.

"దవాఖాన గడిల పెడదామా?"

"పెట్టుండ్రమ్మా!"

"పొద్దుగాల తెరిచి పగటాల్ల మూసేద్దామా?"

"గట్లనే!"

"జరమొచ్చినోళ్లు ఈడికే రావాలె. సరేనా?"

"సరే!"

ఒక్క గొంతు కూడా అడ్డం రాలేదు. రేగులకుంట పెద్దమనిషి లచ్చయ్య అయితే నేను అడగకముందే తల ఊపాడు. ఇంత ఐకమత్యం బైబిల్లో కూడా లేదు.

నేను ఉండేది కొమురవ్వ ఇంట్లో. ముసలామె, ఒంటరిది, రోజూ నాకు జొన్నగట్క పెట్టి నా పెళ్లి గురించి మాట్లాడుతుంది. మా బాపు బొల్లెపాడు నుంచి రెండు రోజులకోసారి వస్తాడు. గడి మలుపు దగ్గరే నిలబడి నన్ను పిలిచి, చూసి పోతాడు. లోపలికి రమ్మంటే పని ఉందంటాడు.

అమ్మను చలిజ్వరం తీసుకుపోయి రెండు వానాకాలాలైంది. అప్పుడు మా వాడలో ఒక్క కొయినా గోలీ లేదు. నేను మిషన్ దవాఖానలో ఎవరెవరికో అవే గోలీలు పంచుతూ ఉన్నాను. ఈసారి వానలు పడేసరికి మా ఊళ్లలో గోలీ దొరకనివాళ్లు ఉండకూడదు వదినా. అందుకే జీతం వదులుకొని వచ్చాను.

మందులు పంపు. ఎక్కువ పంపు.

నీ మరదలు
సారమ్మ


జనగామ
ఉగాది వెళ్లిన వారం

గడిలో కొలువుదీరిన మా డాక్టరమ్మ సారమ్మకు వెంకటనర్సమ్మ దండాలు, దీవెనలు, నాలుగు మొట్టికాయలు.

మూడు ఊళ్లవాళ్లు ఒక్క మాట మీద నిలబడ్డారా? మా ఇంట్లో ఉన్నది ముగ్గురం. ఏం కూర వండాలో ఒక్క మాట మీదికి వచ్చేసరికి పొయ్యి ఆరిపోతుంది. ఏమో తల్లీ, మీ దిక్కు నీళ్లు మంచివేమో.

మందులు పంపాను. మా ఆయన పోశయ్య, అదే నీ దూరపు వరస అన్న, పనిచేసే మందుల దుకాణం నుంచి కొయినా గోలీలు, టించరు, గాజుగుడ్డ తెచ్చి, పెట్టెల్లో సర్ది, మిరపకాయల బస్తాల నడుమ పెట్టి కేసముద్రం రైలెక్కించాం. స్టేషనులో ఒక పోలీసు బస్తా పొడిచి చూడబోయాడట. ఇక తుమ్ములే తుమ్ములు. ఇంకో బస్తా జోలికి పోలేదు. కేసముద్రంలో దించి బండి మీద నీ దగ్గరికి తెస్తారు. పెట్టె తెరిచేటప్పుడు నువ్వూ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకో.

ఒక సంగతి మాత్రం నవ్వులాటకు చెప్పడం లేదు. యాదగిరన్న తెలుసు కదా, సంఘం తరఫున ఊళ్లకు మందులు పంచే పని చూసేది ఆయనే. భూపాలపల్లి అడవి దిక్కు నుంచి ఆయనకు కబురు మీద కబురు వస్తోంది. అక్కడ మందు లేదు, మందిచ్చే మనిషీ లేదు. మన దగ్గర ఉన్నదేమో ఒక్క చోటికి సరిపడా సరుకు. "తొలకరి పడేలోపల సారమ్మ దవాఖాన నడిస్తె పెట్టెలు ఆడనే ఉంటయి. నడువకుంటె పెట్టెలు, సారమ్మ ఇద్దరూ భూపాలపల్లి బండెక్కాలె" అన్నాడు. నేను నీ ఉత్తరం చదివి వినిపించాను. అందరూ సరే అన్నారని విని చాలా సంతోషించాడు.

ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం కాకుండా చూసుకో. రోగులు ఎంతమంది వస్తున్నారో రాయి.

వదిన
వెంకటనర్సమ్మ


రేగులకుంట
ఏప్రిల్

వదినా,

పెట్టెలు చేరాయి. తుమ్మాను.

ఇక్కడ ఇప్పపూల కాలం. తెల్లవారకముందే ఆడవాళ్లంతా గంపలు పట్టుకొని చెట్ల కిందికి పోతారు. గాలి నిండా ఆ తీపి వాసనే. కొమురవ్వ ఇప్పపూలు నువ్వులతో కలిపి దంచి ముద్దలు చేసింది, నీకు పంపుతున్నాను. మీ అత్తకు ఒకటి పెట్టు, లేకపోతే అలుగుతుంది.

గడి గోడలకు సున్నం వేయించాను. కిటికీలు కడిగాను. ఎండలు మెండుగా ఉన్నాయి. మొన్న రజాకార్లు పక్క దిక్కు వచ్చారంటే రెండు రోజులు అడవిలో ఉండి వచ్చాం. బాపు బాగున్నాడు. దవాఖాన కూడా బాగుంది. చల్లగా ఉంటుంది.

సారమ్మ


జనగామ
ఏప్రిల్ ఆఖరు

ఓ సారమ్మా,

తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నాడట వెనకటికి ఒకడు. రోగులు ఎంతమంది వస్తున్నారే అంటే ఇప్పపూల వాసన గురించి రాస్తావా? దవాఖాన చల్లగా ఉంటుందా? మనుషులు లేని ఇల్లు చల్లగా కాక వెచ్చగా ఉంటుందా?

నేను నీతో ఒక్క మంచం మీద పడుకొని, ఒక్క దువ్వెనతో తల దువ్వుకున్నదాన్ని. నా దగ్గరా నీ దాపరికాలు? పెట్టెలు పంపి ఇన్నాళ్లైంది. టించరు అయిపోయిందనీ, గుడ్డ పంపమనీ ఒక్క ముక్క లేదు. మీ మూడు ఊళ్లలో ఎవరి కాల్లోనూ ముల్లు గుచ్చుకోవడం లేదా? ఒక్కరు కూడా రావడం లేదు. అవునా, కాదా?

నీ సంగతి అటుంచి నా సంగతి విను. యాదగిరన్న అడిగితే నీ పరువు పోతుందని "కొయినా గోలీలు కందిపప్పు లెక్క ఖర్చయితున్నయన్నా" అని చెప్పేశాను. ఆయన మురిసిపోయాడు. ఇప్పుడు ఇద్దరం ఒకే బురదలో ఉన్నాం. నువ్వు గట్టెక్కితేనే నేనూ ఎక్కేది.

నాకు తెలిసిన ఉపాయం ఒకటి చెబుతాను, వైద్యం నేర్చుకున్నదానివని నవ్వకు. మా అత్త ఉంది కదా, ఆమెకు ఏం నొప్పి అని అడిగితే "నాకేమైంది, గుండ్రాయి లెక్కున్న" అంటుంది. అదే, "పక్కింటి అవ్వకు ఏం నొప్పులత్తా?" అని అడుగు. పొయ్యి మీద కూర మాడిపోయేదాకా చెబుతుంది. నడుమంటుంది, మోకాళ్లంటుంది, కళ్లకు మసకంటుంది. అందులో సగం ఆమెవే. ఆ ముక్కలు పట్టుకొని నేను ఆమెకు మందిస్తాను. నువ్వు అరుగెక్కి "మీకేం కావాలె" అని అడిగితే మనిషన్నవాడు ఎవడు చెబుతాడు? పక్కూరోళ్ల రోగాలు అడుగు.

కోపంతోనూ ప్రేమతోనూ
వెంకటనర్సమ్మ


రేగులకుంట
మే

వదినా,

అవును. ఒక్కరు కూడా రావడం లేదు. నీకు రాయడానికి సిగ్గేసింది. రోజూ గడి తలుపు తెరిచి, తెల్లచీర కట్టుకొని, గబ్బిలాలతో కలిసి మధ్యాహ్నందాకా కూర్చొని వస్తున్నాను. ఒకరోజు ఒక మేక వచ్చింది. దానికీ జబ్బేమీ లేదు.

నీ ఉపాయం చదివి మొదట నవ్వాను. రెండో రోజు వేరే దారి లేక బొల్లెపాడు బావి దగ్గరికి పోయి, నీళ్లు చేదుతున్న వాళ్లతో మాటవరసకు అన్నట్టు అన్నాను. "రేగులకుంటోళ్లు దవాఖానకు వస్తలేరు. వాళ్లకేమైందే?"

అమ్మో! చేద బావిలోనే వదిలేశారు. అక్కడే చుట్ట కాలుస్తున్న యాకయ్య, బొల్లెపాడు సంఘం పెద్ద, లేచి వచ్చాడు.

"వాళ్లా? వాళ్ల ముచ్చట అడుగకు బిడ్డా. గడి పేరు జెప్తెనే వాళ్లకు దడ వుడుతది. తాతల కాన్నుంచి గా అరుగు ముంగట వంగి వంగి నడుములే గట్ల వెరిగినయి. గడి అరుగు మీదికెల్లి ఎవలేమడిగినా సరే అంటరు. గంతే, మల్ల కనవడరు."

"గోలి ఇచ్చినా మింగరు," అన్నది ఇంకొకామె. "చేదని నాలిక కింద వెట్టుకొని, గోడ దాటంగనె ఊంచుతరు. బెల్లంల వెట్టి ఇయ్యాలె గసొంటోళ్లకు."

"మరి మీరెందుకు వస్తలేరే?"

"మేమా? మాకేం భయం? చేతినిండ పని, పురుసత్ లేక," అని అందరూ ఒక్కసారిగా చేద వెతుక్కున్నారు.

మరుసటి రోజు రేగులకుంటలో లచ్చయ్యను పట్టుకొని బొల్లెపాడు వాళ్ల సంగతి అడిగాను. ఏం చెప్పాడనుకున్నావు? "బొల్లెపాడోళ్లు ఉత్త పిరికోళ్లమ్మా. గడి గోడ నీడ గూడ తొక్కరు. గోలీలు ఊంచుతరు." అక్షరం పొల్లుపోకుండా అదే! తర్వాత వాగు దాటి తండాకు పోయాను. తండా పెద్ద టీక్యా నాయక్ కోడలు కమ్లీ, మనిషి చురుకైంది, ఊళ్లవాళ్ల మాటెత్తగానే పడీపడీ నవ్వింది.

"పొద్దుగాల చేనుకాడికి, మాపటికి కల్లుకాడికి. నడుమ నీ దవాఖాన తెరుస్తె ఎవలొస్తరక్కా ఊళ్లెకెల్లి? మాపటీలి వాళ్ల కాడికే నువ్వు వోవాలె."

తండా సంగతి అడిగితే ఊళ్లవాళ్లు చెప్పింది ఇంకోటి. వాగు పొంగితే తండా వాళ్లు అవతలే చిక్కుకుపోతారు, వాళ్ల మందు వాళ్ల దగ్గరే ముందుగా పెట్టాలి అని. వదినా, నా తెలివితేటలకు ఇది తట్టనే లేదు. నేను గీసుకున్న ప్లానులో వాగే లేదు.

ఇప్పుడు రోజూ ఇదే పని. ఇంత సంబరంగా నేనెప్పుడూ పని చేయలేదు. ఎవరి నొప్పి వాళ్లు చెప్పుకోరు గానీ పక్కవాళ్ల నొప్పి మీద ఎంత ప్రేమో, ఎంత వెటకారమో.

కానీ ఒక్క విషయం చెప్పాలి. నిన్న బాపు వచ్చాడు. గడి మలుపు దగ్గర నిలబడి పిలిచాడు. ఈసారి నేనే ఎదురుపోయాను. చూస్తే ఆయన చెప్పులు కాళ్లకు లేవు, చేతిలో ఉన్నాయి. "బాపూ, చెప్పులు చేతుల వట్టుకున్నవేంది?" అన్నాను. ఆయన చేతివైపు చూసుకొని, తానే ఆశ్చర్యపోయాడు. గడి కనబడగానే చేయి దానంతటదే తీసేస్తుందట. దొర పారిపోయినా చేతికి తెలియదట. ఇరవై ఏళ్లు వెట్టికి దొర ఇంటిల్లిపాదికీ చెప్పులు కుట్టాడు మా బాపు. చెప్పులు తొడుక్కొని గడి ముందు నడిచే హక్కు మాత్రం ఆయనకు లేదు. నేను చిన్నప్పుడే మిషన్ బడికి పోయినదాన్ని. నాకు అది సున్నం వేసిన మంచి ఇల్లుగానే కనబడింది. అక్కడ నిలబడి ఏడ్చాను వదినా, బాపు కంగారుపడి నన్ను ఊరుకోబెట్టాడు.

గడిలోంచి దవాఖాన తీసేయాలి. వానలకు ముందే అందరితో మాట్లాడి కొత్తగా మొదలుపెడతాను. యాదగిరన్నను కొన్నాళ్లు ఆపు. నీ నోటికి ఆ శక్తి ఉంది.

సారమ్మ


జనగామ
జూన్ మొదలు

సారమ్మా,

ఆపలేకపోయాను. నా నోరే కొంప ముంచింది.

కందిపప్పు లెక్క ఖర్చవుతున్నాయన్నానా, "అంత మంచిగ నడిచే దవాఖానను కండ్లార జూసి, గట్లాంటిదే భూపాలపల్లిల పెడుత" అని యాదగిరన్న నిన్ననే బయలుదేరాడు. నేను వాగులు పొంగుతాయన్నాను, వానే పడలేదన్నాడు. దారిలో రజాకార్లున్నారన్నాను, పొలాల వెంట పోతానన్నాడు. ఆఖరికి నీకు అమ్మవారు పోసిందన్నాను. "అయితె తప్పకుంట చూడాలె" అన్నాడు. మంచివాళ్లతో ఇదే తంటా.

ఈ ఉత్తరం ఆయన కంటే ముందు చేరాలని దండం పెట్టుకొని పంపుతున్నాను. చేరితే నీ ముఖం మీద కుంకుమ చుక్కలైనా పెట్టుకో. లేదంటే నిజం చెప్పు. ఏది తోస్తే అది చెయ్యి. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు.

నీ దిక్కుమాలిన వదిన


రేగులకుంట
జూన్, తొలకరి పడ్డ మర్నాడు

వదినా,

నీ ఉత్తరం యాదగిరన్న సంచిలోనే వచ్చింది. బండివాడు దారిలో ఆయన కనబడితే "మీరటే వోతున్నరు గద" అని ఆయన చేతికే ఇచ్చాడట! ఆయన పెద్దమనిషి, విప్పలేదు. నాకిచ్చి, "అమ్మవారు వోసినంక మచ్చలు గూడ లేవు గదమ్మా" అని మాత్రం అన్నాడు.

జరిగిందంతా వరసగా చెబుతాను.

సాయంత్రం మూడు ఊళ్ల జనం గడి ముందు చేరారు. చెట్టు కింద కూర్చుందామంటే యాదగిరన్న వినలేదు, చోటు ఇక్కడే పెద్దగా ఉందని అరుగెక్కాడు. జనం దూరంగా చెప్పులు విడిచి కింద కూర్చున్నారు.

"దవాఖాన మంచిగ నడుస్తున్నదా?"

"నడుస్తున్నది!"

"సారమ్మ మంచిగ చూస్తున్నదా?"

"చూస్తున్నది!"

ఆయన నవ్వుతూ లోపలికి పోయాడు. పెట్టె మూత ఎత్తాడు. గోలీల మీద నువ్వు పరిచిన కాగితం అలాగే ఉంది. తిరిగి బయటికి వచ్చేసరికి ముఖంలో నవ్వు లేదు. జనం వైపు తిరిగాడు.

"భూపాలపల్లి దిక్కు జనం చలిజరంతోని మంచాలల్ల వడ్డరు. ఈడ మందు పెట్టెలల్లనె పండుకున్నది. తప్పెవలదో నేనడుగ. రేపు బండి గట్టి పెట్టెలు గటు తీస్కపోత. సారమ్మ గూడ వస్తది. సరేనా?"

"సరే!" అన్నారు వదినా.

లచ్చయ్య అన్నాడు. యాకయ్య అన్నాడు. నాకు రోజూ గట్క పెట్టే కొమురవ్వ తల ఊపింది. మా బాపు కూడా అన్నాడు, నా బాపు! ఆ అరుగు మీద నుంచి ఎవరడిగినా ఆ నోళ్లు అదే అంటాయని నాకు తెలుసు. అయినా అమ్మ పోయిన వానాకాలం కళ్ల ముందుకు వచ్చింది. ఏం మాట్లాడుతున్నానో తెలియకుండానే లేచాను.

"ఎట్ల సరే అంటరు? మా అవ్వ వోయినట్టు ఈసారి ఎవల అవ్వ వోవాలె? నేను గీ గడిల కూసుంటె రాకపోతిరి. ఎందుకొస్తలేరో ఒక్కలన్న నా ముఖం మీద చెప్తిరా? రేగులకుంటోళ్లకు గడి అంటె భయమని బొల్లెపాడోళ్లు జెప్పిండ్రు. బొల్లెపాడోళ్లు పిరికోళ్లని రేగులకుంటోళ్లు జెప్పిండ్రు. ఎవల ముచ్చట వాళ్లు మాత్రం చెప్పకపోతిరి!"

లచ్చయ్య మెల్లగా లేచాడు.

"ఎవడన్నడు మాకు భయమని?"

"నేనే అన్న," అన్నాడు యాకయ్య. "అబద్ధమా?"

"గడి గోడ నీడ తొక్కనోడు గూడ మాట్లాడుతున్నడు!"

"మీకు దమ్ముంటె చెప్పులతోని అరుగెక్కుండ్రి, జూస్త!"

"ముందు నువ్వెక్కు!"

"నువ్వెక్కు!"

ఇద్దరూ గొంతులు చించుకుంటున్నారు గానీ అడుగు మాత్రం ఎవరిదీ కదలడం లేదు. మధ్యలో కమ్లీ పొట్ట పట్టుకొని నవ్వుతోంది. "ఇద్దరు ఒకటే మాట జెప్పిండ్రు అక్కకు. ఒకటే మాట!"

అప్పుడు చూశాను వదినా. మా బాపు లేచి, చెప్పుల కుప్ప దగ్గరికి పోయి, తన జత వెతికి తీసుకున్నాడు. నిలబడి కాళ్లకు తొడుక్కున్నాడు. కొట్లాట ఆగిపోయింది. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. బాపు నాపరాళ్ల మీద టపటప నడుచుకుంటూ వచ్చి, మెట్లెక్కి, అరుగు మీద యాదగిరన్న పక్కన నిలబడ్డాడు.

"యాదగిరీ, నువ్వు మంచోనివే. గని నేనిందాక సరే అన్నది ఉత్తదే. పెట్టెలు వోవద్దు. నా బిడ్డ వోవద్దు."

"వద్దు!" అంది కొమురవ్వ కింద నుంచి.

"వద్దు!" అన్నాడు లచ్చయ్య. బొల్లెపాడు కంటే తాను ఆలస్యమయ్యానని తెలిసి ఇంకోసారి గట్టిగా అన్నాడు. ఇక ఒకటే గోల. చెప్పులు ఎవరివి ఎవరు తొడుక్కున్నారో తెలియదు, రెండు ఊళ్లూ పోటీ పడి గడిలోకి ఎక్కేశాయి. గదులన్నీ తిరిగారు. దొర కుర్చీలో కమ్లీ అత్త కూర్చొని కాలు మీద కాలేసుకుంది. గబ్బిలాలే పారిపోయాయి.

యాదగిరన్న మెట్ల మీద కూలబడ్డాడు. కోపమొచ్చిందేమో అనుకున్నాను. చూస్తే కళ్లు తుడుచుకుంటున్నాడు. "ఇన్ని ఊళ్లు తిరిగిన సారమ్మా. ఇన్ని మీటింగులు పెట్టిన. నా ముఖం మీద వద్దన్నోళ్లు వీళ్లే" అన్నాడు. తర్వాత అరుగు దిగి జనం మధ్యలో కూర్చొని, "అయితె ఎట్లుండాల్నో మీరే చెప్పుండ్రి" అన్నాడు.

చెప్పారు. ఒకరి మాట మీద ఒకరు పడి చెప్పారు. మొదటి మాట కొమురవ్వది. "భయం లేదని జూపిచ్చినం గద, ఇగ గడి మాత్రం మాకొద్దు. ఆ గదులల్ల వెట్టిజేసిన దినాలు యాదికొస్తయి. రోగంతోని ఉన్నప్పుడు గవి యాదికి రావద్దు." దాంతో గడి సంగతి తేలిపోయింది. ఇక దవాఖాన ఒక్కచోట ఉండదు, వారవారం పెట్టే అంగడిలాగా ఊరూరూ తిరుగుతుంది. బండి మీద పెట్టె పెట్టుకొని, ఒక్కో ఊరికి ఒక్కో రోజు, మాపటి వేళ నేనే పోతాను. ఒక్కచోట లేకపోతే రజాకార్లకూ దొరకదని లచ్చయ్య అన్నాడు. గోలీ బెల్లంలో పెట్టి, నా ముందే మింగించాలి. వాగు పొంగకముందే తండాకు వేరే పెట్టె, దాన్ని చూసుకునేది కమ్లీ. ఎంత జ్వరానికి ఎన్ని గోలీలో ఆమెకు నేను నేర్పాలి.

అంతా అయ్యాక కమ్లీయే ఇంకో మాట అంది. "భూపాలపల్లి అడివిల మావోళ్లు గూడ ఉన్నరు. వాళ్లకు జరం రాదా? సగం వాళ్లకియ్యుండ్రి." ఎవరూ వెంటనే సరే అనలేదు! చాలాసేపు కొట్లాడుకొని, లెక్కలు చూసుకొని, అప్పుడు ఒప్పుకున్నారు. సగం పెట్టెలు యాదగిరన్నతో పోతున్నాయి. ఇద్దామన్న మాట వాళ్ల నోటి నుంచే వచ్చింది కాబట్టి నాకు బెంగ లేదు.

బాపు ఇక్కడే కూర్చొని, ఏం రాస్తున్నావని అడుగుతున్నాడు. నీ గొప్పలే అన్నాను.

సారమ్మ


జనగామ
జూలై

సారమ్మా, నా బంగారు తల్లీ,

నీ ఉత్తరం మీ అన్నకు చదివి వినిపించి ఏడ్చాను, మా అత్తకు చదివి నవ్వాను, ఒక్కదాన్నే కూర్చొని ఇంకోసారి చదువుకున్నాను. మీ బాపుకు నా దండం చెప్పు. ఆయన నడిచిన నడక నేను చూడలేదే అని కడుపు మండుతోంది.

యాదగిరన్న వచ్చాడు. నేను తలుపు చాటున దాక్కున్నాను. "చెల్లే, కందిపప్పు ఉడికిందా?" అని పిలిచాడు. ఏం చేయను, బయటికి వచ్చి మంచినీళ్లిచ్చాను. నా అబద్ధాలకు శిక్షగా భూపాలపల్లి పెట్టెలన్నీ నాతోనే సర్దించాడు.

అక్కడ జరిగింది విను. భూపాలపల్లి దగ్గర గూడెంలో మీటింగు పెట్టాడట. ఏది అడిగినా అందరూ సరే అన్నారట. ఈయనకు చెమటలు పట్టాయట. "ఒక్కలన్న వద్దనుండ్రయ్యా" అంటే దానికీ "సరే" అన్నారట! ఆఖరికి నేల మీద కూర్చొని, పక్క గూడెం వాళ్లకు ఏం రోగాలున్నాయని అడిగాడట. ఇక మాటలు ఆగలేదట. ఇప్పుడు ఆ ఉపాయం తనదేనని ఊరూరా చెప్పుకుంటున్నాడు. ఆ సంగతి మా అత్తకు చెప్పాను. "నా నోట్లెకెల్లి పుట్టిన ముచ్చట వాడెట్ల జెప్పుకుంటడు?" అని ఒకటే అలక.

ఇప్పటిదాకా ఈ వదిన పంపిన మందులతో బతికిన ఊళ్లు ఇన్ని ఉన్నాయని నాకు గర్వంగా ఉందే. బస్తాల్లో మిరపకాయలు మోసిన చేతులకు ఇంతకంటే ఏం కావాలి?

వానలు ముదిరాయి. జ్వరాలెట్లా ఉన్నాయి? ఈసారి దాచకుండా రాయి.

వెంకటనర్సమ్మ


బొల్లెపాడు
ఆగస్టు, వాన వెలిసిన పూట

వదినా,

దాచకుండానే రాస్తున్నాను. జ్వరాలు వచ్చాయి, మూడు ఊళ్లలోనూ వచ్చాయి. మా బండి ఎద్దులు నాకంటే ఎక్కువ అలసిపోయాయి.

వద్దనడం నేర్చుకున్న జనంతో నా పాట్లు ఏం చెప్పను? బొల్లెపాడు వాళ్లు మంగళవారం వద్దన్నారు, గురువారం కావాలన్నారు. రేగులకుంట వాళ్లు టించరు మండుతుంది వద్దన్నారు. కొమురవ్వ నా తెల్లచీర వద్దంది, శవాల దగ్గరికి పోయేదానిలా ఉన్నానట. ఎర్రచీర కట్టుకొని పోతున్నాను. ఒక్కోసారి విసుగొచ్చి అరుస్తాను. వాళ్లూ అరుస్తారు. మర్నాడు మళ్లీ బండి దగ్గరికి వస్తారు.

వాగు పొంగి తండా అవతల చిక్కుకుపోయింది. నాకు ప్రాణం గిలగిలలాడింది. నీళ్లు తగ్గాక పరుగెత్తుకుంటూ పోతే కమ్లీ చెట్టు కింద పెట్టె పెట్టుకొని, జ్వరం పట్టిన వాళ్లను వరసగా కూర్చోబెట్టి, తన మామ టీక్యా నోరు తెరిపించి నాలుక కింద వెతుకుతోంది. నన్ను చూసి, "జర ఆగక్కా, మామ మింగలేదు" అంది.

బాపుకూ జ్వరం వచ్చింది. అమ్మ పడుకున్న మంచంలోనే పడుకున్నాడు, అదే మూల, అదే వణుకు. నేను మూడు దుప్పట్లు కప్పి, కాళ్లు పట్టుకొని కూర్చున్నాను. భయం వేసింది వదినా, నర్సుననే సంగతే మర్చిపోయి చిన్నపిల్లలా భయపడ్డాను. యాకయ్య వచ్చి బెల్లంలో గోలీ పెట్టి తినిపించాడు. ఇంటింటివాళ్లూ వంతులేసుకొని వచ్చి కూర్చున్నారు. నిన్న బాపు లేచి గట్క అడిగాడు. ఈ రోజు ఎండలో కూర్చొని నాకోసం చెప్పులు కుడుతున్నాడు.

ఈ వానాకాలం మా వాడలో ఎవరూ పోలేదు.

సారమ్మ